రూమ్మేట్, కజిన్, బ్రహ్మచారి మావయ్య

పోయిన చలికాలం అమ్మ గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర ఆరు నెలలు ఉంది. న్యూజెర్సీలో జనవరి అంటే సాయంత్రం పెందలాడే చీకటి, బయట అడుగు పెడితే మంచు మీద జారిపడతానని ఆవిడకి భయం, ఫోన్‌లో సీరియల్స్ మాత్రం ఎన్నని చూస్తుంది. "నువ్వేవో పాతవి చూస్తుంటావు కదరా, అవే పెట్టు, నేనూ కూర్చుంటా" అంది ఒకరోజు. అలా పాత అమెరికన్ టీవీ షోలు, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న డీవీడీలు, స్ట్రీమింగ్‌లో దొరికినవి, అన్నీ ఇద్దరం కలిసి చూశాం. అర్థం కాని చోట ఆపి చెప్పేవాణ్ణి.

నేను గే. 2018 సెప్టెంబర్ 6న మన సుప్రీం కోర్టు మాలాంటివాళ్లు నేరస్తులు కాదంటూ 377 సెక్షన్ మీద తీర్పిచ్చింది, ఆ ధైర్యంతో తర్వాతి సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అమ్మకి చెప్పేశాను. ఏడవలేదు, తిట్టలేదు, అలాగని మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు కూడా. నాతో ఉండే అతన్ని "మీ రూమ్మేట్ అబ్బాయి" అంటుంది. అతనికి గోంగూర పచ్చడి ఇష్టమని విడిగా ఒక సీసాలో పెట్టి, మూత మీద అతని పేరు రాసి మరీ తెస్తుంది. కానీ పిన్ని వీడియో కాల్‌లో "వెనకాల ఎవరే?" అంటే మాత్రం రూమ్మేటే. అతను ఆవిడని ఆంటీ అంటాడు. ఇంకేమనాలో మా ముగ్గురికీ తెలీదు.

నేను ఈ పాత షోలన్నీ వెతికి వెతికి చూసేది దీనికోసమే. మాలాంటివాళ్లు అక్కడ మొదట్నుంచీ ఉన్నారు, కాకపోతే ఎప్పుడూ ఇంకో పేరుతో ఉన్నారు. రూమ్మేట్, కజిన్, అసిస్టెంట్, పెళ్లి చేసుకోని మావయ్య. ఆ పేరు ఎప్పుడు ఊడిందో, ఎవరు తీశారో చూడటం నాకు చాలా ఇష్టం. ఎక్కువసార్లు దాన్ని తీసింది ఏ ఉద్యమకారుడో కాదు, వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చే ఒక మామూలు ఇల్లాలు.

నాకు మొదట దొరికింది ఫ్రెండ్స్ అనే కామెడీ షో. 2003లో అమీర్‌పేట హాస్టల్లో, కింద టీవీ రూములో, స్టార్ వరల్డ్‌లో చూసేవాళ్లం. అందులో చాండ్లర్ అనే పాత్రని చూసి అందరూ గే అనుకుంటారనే జోకు మాటిమాటికీ వచ్చేది, వచ్చిన ప్రతిసారీ రూమంతా నవ్వేది, ఎవడో ఒకడు పక్కవాణ్ణి చూపించి "వీడూ తేడానే" అనేవాడు. నేను అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ణి. నవ్వకపోతే కనిపెట్టేస్తారని టెన్షన్. ఇప్పుడు ఆ జోకులు చూస్తే నాకు నవ్వు రాదు, అప్పటి భయమే గుర్తొస్తుంది. కానీ అదే షోలో 1996 జనవరిలో చాండ్లర్ స్నేహితుడు రాస్ మాజీ భార్య క్యారల్, సూసన్ అనే ఆవిడని పెళ్లి చేసుకుంటుంది. క్యారల్ వాళ్ల నాన్న రానంటాడు. అప్పుడు రాస్ తనే ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తాడు. ముద్దు చూపించలేదు, అయినా రెండు ఊళ్ల స్టేషన్లు ఆ ఎపిసోడ్ వెయ్యబోమన్నాయి. ఆ పెళ్లి జరిపించే పాత్రలో కనిపించింది క్యాండేస్ గింగ్రిచ్, అప్పటి ప్రతినిధుల సభ స్పీకర్ న్యూట్ గింగ్రిచ్ తోబుట్టువు. ఆ స్పీకర్ సభే అదే ఏడాది, పెళ్లంటే ఒక మగ, ఒక ఆడ మధ్యే అనే చట్టం పాస్ చేసింది, సెప్టెంబర్‌లో అది అమల్లోకి వచ్చింది. ఒకే ఇంట్లో రెండు దారులు. మన ఇళ్లల్లో కూడా అంతేగా.

అంతకుముందు సంగతి చెప్పాలంటే, అమెరికన్ టీవీలో 1952లో ఒక నియమావళి అమల్లోకి వచ్చింది. లైంగిక నేరాలు, "అసహజతలు" ప్రోగ్రాముల్లోకి సాధారణంగా పనికిరావని అందులో ఉంది. దాంతో గే మనిషిని చూపించొచ్చు, గే అని చెప్పకూడదు. 1964 నుంచి 72 దాకా వచ్చిన బివిచ్డ్ అనే షోలో అంకుల్ ఆర్థర్ అని ఒక మంత్రగాడు మావయ్య ఉంటాడు, పాల్ లిండ్ వేశాడు. పెళ్లి లేదు, పెళ్లాం లేదు, వంకర మాటలు, చేతులు తిప్పుడు, వచ్చాడంటే ఇల్లంతా సందడి. పాల్ లిండ్ గే అని పరిశ్రమలో అందరికీ తెలుసు, బతికున్నంతకాలం ఆయన నోటితో బయట చెప్పుకోలేదు. అదే షోలో తర్వాతి సీజన్లలో భర్తగా వేసిన డిక్ సార్జెంట్ కూడా గేనే, ఆయన ఆ మాట చెప్పగలిగింది 1991లో. ఇద్దరు గే నటులు ఒకే సెట్టు మీద, పెళ్లయిన భర్తగా ఒకరు, పెళ్లికాని మావయ్యగా ఒకరు, దేశమంతా చూస్తుండగా నిలబడ్డారు. ఆ సీన్లు వచ్చినప్పుడు నాకు జోకుల మీద మనసు నిలవదు, వాళ్ల మొహాలే చూస్తుంటాను.

మార్పు వచ్చింది ఆల్ ఇన్ ద ఫ్యామిలీతో. నార్మన్ లియర్ తీసిన షో, సీబీఎస్ చానెల్లో 1971 జనవరిలో మొదలైంది. ఆర్చీ బంకర్ అని ఒక పెద్దాయన, న్యూయార్క్ క్వీన్స్‌లో ఇల్లు, తన కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోనివ్వడు, నల్లవాళ్లన్నా యూదులన్నా అందరి మీదా నోరు పారేసుకుంటాడు. అమ్మ ఆ కుర్చీని చూడగానే "మీ నాన్న పడక్కుర్చీ" అంది. అంతే, ఆ షోకి అతుక్కుపోయింది. ఆ కుర్చీ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ల దగ్గర ఉందంటే చాలాసేపు నమ్మలేదు.

అయిదో ఎపిసోడే, ఫిబ్రవరి 9న వచ్చింది. అల్లుడు మైక్ ఫ్రెండు రోజర్ అని ఒక సున్నితమైన కుర్రాడు ఇంటికొస్తాడు. ఆర్చీ వాణ్ణి చూసి మన హాస్టల్లో అన్నట్టే అంటాడు, వాడు పోయేదాకా ఊరుకోడు. తీరా చూస్తే రోజర్ గే కాదు. ఆర్చీ రోజూ వెళ్లే బారులో కూర్చునే స్టీవ్, ఒకప్పుడు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడినవాడు, ఆర్చీకి దేవుడిలాంటివాడు, అతను గే. ఇద్దరూ బల్ల మీద మోచేతులు ఆనించి పంజా పడుతుంటారు, ఆర్చీ "మా అల్లుడు నీ గురించి ఏదో వాగుతున్నాడు" అని చెప్తాడు, స్టీవ్ నెమ్మదిగా, అతను చెప్పింది నిజమే అంటాడు. ఆర్చీ నమ్మడు. ఇన్నేళ్లుగా నన్ను చూస్తున్నావు, ఎప్పుడైనా నా నోట ఒక ఆడమనిషి మాట విన్నావా అంటాడు స్టీవ్. దానికి ఆర్చీ దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది: నువ్వు బ్రహ్మచారివి కదా. ఆ ఒక్క మాట వెనకాల ఇన్నేళ్లూ స్నేహితుణ్ణి చూడకుండా ఉండగలిగాడు. స్టీవ్ వాదించడు, నీ ఇష్టం, అలాగే అనుకో అన్నట్టు చిన్నగా చెయ్యి తట్టి వెళ్లిపోతాడు.

ఆ ఎపిసోడ్ చూసిన వాళ్లలో అప్పటి అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ కూడా ఉన్నాడు. 1971 మే 13న తన సలహాదారులతో దాని గురించి మాట్లాడింది వైట్ హౌస్ టేపుల్లో రికార్డయింది. ఆర్చీని వెర్రివాణ్ణి చేసి, స్టీవ్‌ని మంచివాడిగా చూపించి టీవీ వాళ్లు దీన్నంతా గొప్ప చేస్తున్నారని ఆయన గోల, గ్రీకులు పాడైపోయింది దీనివల్లేనని కూడా అంటాడు. అరగంట కామెడీ షోలో ఒక మనిషి "నిజమే" అని ఒక్క ముక్క అన్నందుకు ఒక దేశాధ్యక్షుడు అంత కలవరపడ్డాడంటే, ఆ ముక్కకి ఎంత బలముందో అనిపించింది నాకు.

అమ్మకి మాత్రం అన్నిటికంటే నచ్చింది గోల్డెన్ గర్ల్స్. మయామీలో ఒకే ఇంట్లో ఉండే నలుగురు పెద్దవయసు ఆడవాళ్లు, అర్ధరాత్రి లేచి చీజ్‌కేక్ తింటూ కష్టసుఖాలు చెప్పుకుంటారు. "ఇలా మేమూ నలుగురం అక్కచెల్లెళ్లం ఉండొచ్చు కదరా" అంది. 1985లో మొదటి ఎపిసోడ్‌లో వీళ్లకి కోకో అని గే వంటవాడు ఉన్నాడు, రెండో ఎపిసోడ్‌కే లేడు, ఇంటి పని ఆడవాళ్లే చేసుకుంటారు. ఆ పోవడం నాకు బాధే. కానీ ఏడాది తర్వాత, 1986 నవంబర్‌లో, ఆ నలుగురిలో ఒకరైన డొరోతీ పాత స్నేహితురాలు జీన్ వస్తుంది. జీన్‌తో ఇన్నేళ్లూ కాపురం చేసిన ప్యాట్ చనిపోయింది, ప్యాట్ అంటే ఆడమనిషి. జీన్ మనసు ఆ ఇంట్లోనే ఉండే రోజ్ మీదకి పోతుంది. ఇంకొకావిడ బ్లాంచ్‌కి లెస్బియన్ అంటే లెబనీస్, అంటే లెబనాన్ దేశస్తురాలు, అని వినిపిస్తుంది, అక్కడ అమ్మకి మాట మాట విడదీసి చెప్పాను, అర్థమయ్యాక మాత్రం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. అసలు సంగతి తెలిశాక బ్లాంచ్ గొడవంతా ఒకటే, నన్ను వదిలేసి రోజ్‌ని ఎలా ఇష్టపడుతుందీ అని.

ఆ ఎపిసోడ్‌లో సోఫియా, అంటే డొరోతీ వాళ్లమ్మ, ఎనభై దాటిన ముసలావిడ, మంచం మీద కూర్చుని ఒక మాట అంటుంది. నా పిల్లల్లో ఎవరైనా గే అయితే రవ్వంత కూడా తక్కువ ప్రేమించను, వాళ్లు సుఖంగా ఉండాలనే కోరుకుంటాను అని. నేను ఆపి తెలుగులో చెప్పలేదు. అమ్మ కూడా అడగలేదు. ఇంగ్లీషు అంత రాకపోయినా ఆ వాక్యం అర్థమైందనే అనుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత చాలాసేపు దుప్పటి అంచు మడతపెడుతూ కూర్చుంది. అదే ఏడాది జూన్ 30న అమెరికా సుప్రీం కోర్టు మాలాంటివాళ్ల పడకగదిలోకి చట్టం రావచ్చని తీర్పు చెప్పింది, ఎయిడ్స్ పేరు చెప్పి మనుషులు చేతులు కలపడానికి భయపడుతున్న రోజులవి. నాలుగు నెలల తర్వాత శనివారం రాత్రి టీవీలో ఒక తల్లి ఆ మాట అంది. 1991లో బ్లాంచ్ తమ్ముడు క్లేటన్ తను ప్రేమించినవాణ్ణి పెళ్లి చేసుకుంటానన్నప్పుడు కూడా బ్లాంచ్‌కి నచ్చజెప్పింది ఈ సోఫియానే. నువ్వు మీ ఆయన్ని ఎందుకు పెళ్లి చేసుకున్నావు అని అడుగుతుంది, బ్లాంచ్ ప్రేమ, తోడు, నలుగురికీ తెలియాలనీ అని చెప్తుంది, వాళ్లకీ కావలసింది అదే అంటుంది ముసలావిడ.

కార్టూన్ల సంగతి వేరే. అక్కడ పిల్లలు చూస్తారనే భయం ఎక్కువ, అందుకని దాచడం కూడా ఎక్కువ. సింప్సన్స్ అనే కార్టూన్‌లో స్మిథర్స్ ఏళ్ల తరబడి తన బాసు బర్న్స్‌కి "అసిస్టెంట్", మనసులో ఉన్నది ఊరంతటికీ తెలుసు. 1990లో, సింప్సన్స్ ఇంటి పెద్ద హోమర్‌కి కార్ల్ అని ఇంకో అసిస్టెంట్ వస్తాడు, గొంతు ఇచ్చింది హార్వీ ఫియర్‌స్టీన్, హోమర్ తప్పుని తన మీద వేసుకుని ఉద్యోగం పోగొట్టుకుంటాడు, అయినా హోమర్‌కి ధైర్యం చెప్పి, ముద్దు పెట్టి మరీ పంపిస్తాడు. 1997 ఫిబ్రవరిలో వచ్చిన హోమర్స్ ఫోబియా అయితే నేను పదిసార్లకి పైగా చూసుంటాను. పాత బొమ్మలమ్మే కొట్టు యజమాని జాన్ హోమర్‌కి తెగ నచ్చేస్తాడు, అతను గే అని భార్య మార్జ్ చెప్పాక మాత్రం ఇంట్లోకి రానివ్వనంటాడు. కొడుకు బార్ట్ ఎక్కడ అలా అయిపోతాడో అని మగతనం చూపిద్దామని స్టీల్ ఫ్యాక్టరీకి తీసుకెళ్తే, అక్కడ ఉన్న కార్మికులందరూ గేలే. ఫాక్స్ చానెల్ సెన్సార్ ఈ కథ అసలు ప్రసారానికి పనికిరాదని రాసిచ్చాడు. బొమ్మలు గీయించడానికి కొరియా పంపి, అవి తిరిగొచ్చేలోపు ఆ సెన్సార్ స్థానంలో వేరే మనిషి వచ్చాడు, అలా బతికింది ఆ ఎపిసోడ్. తర్వాత దానికి ఎమ్మీ అనే టీవీ అవార్డు వచ్చింది. చివర్లో హోమర్ కొడుకుతో, నువ్వు ఎలా బతకాలనుకున్నా నాకు ఫర్లేదు అంటాడు. బార్ట్‌కి నాన్న ఏమంటున్నాడో తెలీదు, పక్కనుంచి చెల్లెలు లిసా చెప్తుంది. ఆ మాట మా నాన్న నోట వినాలని ఎంతో ఉండేది. నాన్న 2014లోనే పోయారు.

సెయిలర్ మూన్ సంగతి అమ్మకి చెప్తే పకపకా నవ్వింది. జపాన్ కార్టూన్, అందులో హరుకా, మిచిరు అని ఇద్దరమ్మాయిలు ప్రేమికులు. ఇంగ్లీషులోకి డబ్ చేసేటప్పుడు అమెరికా పిల్లలు పాడైపోతారని వాళ్లని కజిన్స్ చేసేశారు. చూపులు, మాటలు చాలావరకు అలాగే ఉంచి చుట్టరికం మాత్రం మార్చారు. "కజిన్స్ అయితే ఏంటట, నేనూ మీ నాన్నా మేనబావా మరదళ్లం కాదూ" అంది అమ్మ. నిజమే, అమెరికా వాళ్లకి కజిన్ అంటే తలుపు మూసేసినట్టు, మన దగ్గర అది పెళ్లి వరస కూడా. ఆ డబ్బింగ్ గుంటూరులో చేసుంటే ఇంకేదో చుట్టరికం వెతుక్కోవాల్సి వచ్చేది.

ఎలెన్ అనే కామెడీ షో గురించి అందరూ రాశారు కాబట్టి నేను ఎక్కువ రాయను. 1997 ఏప్రిల్ 30, ఎయిర్‌పోర్టులో ఎలెన్ డిజెనరస్ నోట మాట రాక తడబడుతూ ముందుకి వంగుతుంది, అక్కడున్న మైకు ఆన్‌లో ఉందని తెలీదు, "నేను గే" అన్న మాట టెర్మినల్ అంతా వినిపిస్తుంది. దాదాపు 4 కోట్ల 20 లక్షల మంది చూశారు. ఏడాదికే షో ఆపేశారు. నాకు గుర్తుండిపోయింది ఇంకో విషయం. అలబామాలో బర్మింగ్‌హామ్ అనే ఊళ్లో లోకల్ స్టేషన్ ఆ ఎపిసోడ్ వెయ్యనంది. ఊళ్లో వాళ్లు ఊరుకోకుండా ఒక పెద్ద హాలు తీసుకుని అందరూ ఒకచోట కూర్చుని చూశారు. 2019 మే నెలలో పిల్లల కార్టూన్ ఆర్థర్‌లో, 1996 నుంచి పాఠాలు చెప్తున్న ర్యాట్‌బర్న్ మాస్టారు ఒక మగతన్ని పెళ్లి చేసుకుంటే, అలబామా పబ్లిక్ టెలివిజన్ మళ్లీ వెయ్యనంది. మళ్లీ ఆ బర్మింగ్‌హామ్‌లోనే, ఈసారి ఒక చర్చిలో, పెళ్లి కేకు కోసి పిల్లలకి పెట్టి ఆ ఎపిసోడ్ వేశారు. ఆ కార్టూన్‌లో పిల్లలకి మాస్టారు చేసుకున్నది ఒక మగతన్ని అనేది పట్టదు, మాస్టారు డాన్స్ చేస్తున్నారేంటి అన్నదే వాళ్ల బెంగ.

ఇక ఆ 1977 ఎపిసోడ్ ఒకటి మిగిలింది. పెట్టాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. మళ్లీ ఆల్ ఇన్ ద ఫ్యామిలీనే, కజిన్ లిజ్ అని పేరు, అక్టోబర్ 9న వచ్చింది. అప్పటికి నాలుగు నెలల కింద, జూన్‌లో, ఫ్లోరిడాలో అనీటా బ్రయంట్ అనే గాయని ప్రచారం చేసి గేలకి రక్షణగా ఉన్న స్థానిక నిబంధనని ఓట్లతో రద్దు చేయించింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో గే టీచర్లని ఉద్యోగాల్లోంచి తీసెయ్యాలనే ప్రతిపాదన ఓటింగ్ దాకా వెళ్లింది, జనం ఓడించారు. ఈ రెండిటి మధ్యలో వచ్చిన కథ ఇది.

ఆర్చీ భార్య ఎడిత్, కజిన్ లిజ్ చనిపోతే వెళ్తుంది. లిజ్ టీచరు. ఆవిడతో పాతికేళ్లు కలిసి ఉన్న వెరోనికా కూడా టీచరే, అందరికీ రూమ్మేట్. వీలునామా లేదు కాబట్టి వస్తువులన్నీ దగ్గరి చుట్టంగా ఎడిత్‌కి వస్తాయి, అందులో తాతలనాటి వెండి టీ సెట్టు ఉంది. ఆర్చీ దాన్ని ఎంతకి అమ్మొచ్చా అని చూస్తుంటాడు. వెరోనికా ఎడిత్‌ని లోపలికి పిలిచి, ఆ టీ సెట్టు నాకు వదిలెయ్యమని అడుగుతుంది. ఎందుకో బయటికి చెప్పుకునే వీల్లేదు, చెప్పకపోతే ఇవ్వరు. ఎడిత్‌కి మొదట అర్థం కాదు. ఎడిత్‌గా వేసిన జీన్ స్టేపుల్టన్ మొహం అక్కడ చూడాలి, ఒక్కొక్క మాటా లోపలికి దిగుతూ ఉంటే ఆవిడ కళ్లు మెల్లగా మారతాయి, స్టూడియోలో జనం కూడా నవ్వడం ఆపేస్తారు. అర్థమయ్యాక ఎడిత్ అనేది ఒకటే, ఒకర్ని అంత ప్రేమించి ఎవరితోనూ చెప్పుకోలేకపోవడం ఎంత నరకమో కదా అని.

అప్పుడే పిన్ని ఫోన్ వచ్చింది. అమ్మ ఫోన్ పట్టుకుని లోపల గదిలోకి వెళ్లిపోయింది, గంటసేపు రాలేదు. నేను టీవీ కట్టేశాను. అటు తర్వాత ఆర్చీ కోర్టుకెళ్తాననడం, టీచరు సంగతి బయటపడితే ఉద్యోగం పోతుందని తెలిసి కూడా అలా అనడం, ఎప్పుడూ మొగుడి మాట దాటని ఎడిత్ అడ్డం నిలబడటం, అవేవీ చూడలేదు. కావాలనే వెళ్లిందేమో అనుకున్నాను, ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

పొద్దున్న లేచేసరికి వంటింట్లో డికాక్షన్ వాసన. అమ్మ పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"నిన్న ఆ టీ సెట్టు చివరికి ఎవరికిచ్చార్రా?"

"వెరోనికాకే ఇచ్చేసిందమ్మా ఎడిత్."

"మరి. పాతికేళ్లు తోమి పెట్టుకుంది ఆవిడేగా" అంది, మూడు గ్లాసుల్లోకి కాఫీ తిరగపోస్తూ. "అతన్నీ లేపు, చల్లారిపోతుంది."